నోటుబుక్కు చివరి పేజీలు చింపకండి



ఈ నెల నాకు ఇచ్చిన పేజీలో స్పోకెన్ ఇంగ్లిష్ గురించి రాద్దామనుకున్నాను. ఇంట్లో పిల్లలతో ఇంగ్లిష్ ఎలా మాట్లాడించాలి అని సగం రాసి పెట్టుకున్నాను కూడా. కానీ పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో జరిగిన ఒక విషయం మనసులోంచి పోవడం లేదు. అది చెప్పకుండా ఇంకేం రాసినా నాకే సరిగ్గా అనిపించలేదు.

ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు. పేరు చెప్పను. వాళ్ల నాన్నగారు షాపు మూసుకుని మరీ మీటింగ్‌కు వచ్చారు. ప్రోగ్రెస్ రిపోర్టు చూశాక సంచిలోంచి లెక్కల నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు. చివర్లో ఏడెనిమిది పేజీలు లేవు. కుట్టు దగ్గర చిరిగిన అంచులు మాత్రం మిగిలాయి. “మీరు డైరీలో రాశారు కదా మేడమ్, క్లాసులో బొమ్మలేస్తున్నాడని. ఆ రోజే చింపేశాను. ఇంకోసారి వెయ్యడు,” అన్నారు. పక్కనే వాడు తల దించుకుని బూట్ల వైపు చూస్తున్నాడు.

నేనేమన్నానో తెలుసా? “మంచిది సార్. చదువు మీద దృష్టి పెట్టమనండి,” అన్నాను. తర్వాతి పేరెంట్‌ని పిలిచాను.

ఆ పేజీలు నేను చూశాను. క్లాసు కిటికీలోంచి కనిపించే ఎదురు బిల్డింగు, దాని మీద నీళ్ల ట్యాంకు, కరెంటు స్తంభం, దాన్నుంచి నాలుగు వైపులా వేలాడే కేబుల్ వైర్లు. బాల్ పెన్నుతో వేశాడు. మధ్యాహ్నం వేసినవాటిలో ట్యాంకు నీడ పొట్టిగా ఉంది, చివరి పీరియడ్‌లో వేసినవాటిలో పొడుగ్గా ఉంది. అంటే వాడు ఊరికే గీతలు గీయలేదు, చూసి గీశాడు. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ డైరీలో రిమార్కు రాశాను. ఎందుకంటే పాఠం జరుగుతుంటే వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. అది కూడా నిజమే.

ఆ నాన్నగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వెళ్లేముందు ఆయన ఇంకో మాటన్నారు: “బొమ్మలేస్తే అన్నం పెడతాయా మేడమ్?” అది వెటకారం కాదు. ఫీజు కట్టడానికి ఏమేం మానుకుంటున్నారో ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది. నిజంగానే అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పి, జవాబు ఇవ్వడానికి ప్రయత్నిస్తాను.

గ్లాస్గోలో ఒక కళ్లజోళ్ల షాపు

మా క్లాసులో ‘పిక్చర్ డిస్క్రిప్షన్’ అని ఒక ఎక్సర్‌సైజ్ ఉంటుంది. ఒక బొమ్మ చూపిస్తే పిల్లలు దాని గురించి ఇంగ్లిష్‌లో పది వాక్యాలు చెప్పాలి. పుస్తకంలో ఎప్పుడూ పార్కు, రైల్వే స్టేషన్, బజారు బొమ్మలే. పిల్లలకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది. కొత్తవి వెతుకుతుంటే ఒక పాత పెయింటింగ్ దొరికింది. పేరు ‘మజ్లిన్ స్ట్రీట్, బ్రిడ్జ్‌టన్’. పై నుంచి చూస్తున్నట్టుగా ఒక వీధి, ఇళ్ల కప్పులు, పొగగొట్టాలు. రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, కార్మికులు ఉండే తూర్పు వైపు పేట అది. వేసినాయన పేరు జాన్ క్వింటన్ ప్రింగిల్. వేసింది 1895–96లో. ఇప్పుడు ఎడిన్‌బరోలోని సిటీ ఆర్ట్ సెంటర్‌లో ఉంది.

ఎవరీయన అని చదివితే ఆశ్చర్యం వేసింది. ఆయన వృత్తి పెయింటింగ్ కాదు. కళ్లజోళ్లు అమ్మడం, బాగుచెయ్యడం.

ప్రింగిల్ 1864లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి రైల్వేలో స్టేషన్ మాస్టరు. మన ఇళ్లలాంటి ఇల్లే అనుకోండి. డబ్బున్నవాళ్లు కారు, అలాగని పస్తులున్నవాళ్లూ కారు. నెల జీతం, అందులోనే సర్దుకోవడం. అబ్బాయిని టీనేజీలోనే కళ్లద్దాల పని నేర్చుకోవడానికి ఒకరి దగ్గర పెట్టారు. ఆ రోజుల్లో గ్లాస్గో అంటే ఓడలు, రైలింజన్లు, బొగ్గు పొగ. చేతిలో పని ఉన్నవాడికి అన్నానికి లోటు ఉండదు. వాళ్లు తీసుకున్న నిర్ణయం మనం తీసుకునేదే.

తేడా ఎక్కడంటే, పని నేర్చుకుంటున్నంత మాత్రాన ఆయన బొమ్మలు మానలేదు. 1885లో, ఇరవై ఒక్కేళ్లప్పుడు, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో సాయంత్రం క్లాసుల్లో చేరాడు. పగలంతా లెన్సులు, ఫ్రేములు, సన్న స్క్రూలు. సాయంత్రం బొగ్గు కడ్డీ, కాగితం. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, 1895 దాకా పదేళ్లు అలా వెళ్లాడు. మధ్యలో 1891లో లండన్ సౌత్ కెన్సింగ్టన్ వాళ్లు జరిపే జాతీయ పోటీలో లైఫ్ డ్రాయింగ్‌కు బంగారు పతకం కూడా వచ్చింది. మర్నాడు మళ్లీ పనిలోకి వెళ్లాడు.

ఆ సాయంత్రం క్లాసుల గురించి ఒక్క మాట చెప్పాలి. పగలు ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ల కోసమే అవి నడిచేవి. అదే రోజుల్లో చార్ల్స్ రెన్నీ మెకింటోష్ కూడా అక్కడ సాయంత్రం విద్యార్థే. పగలు ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పని చేసేవాడు. తర్వాత ఆ స్కూలుకే కొత్త భవనం డిజైన్ చేసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాడు. ప్రింగిల్ చేరిన 1885లోనే ఫ్రాన్సిస్ న్యూబెరీ అనే ఆయన ఆ స్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చి, 1917 దాకా ఉన్నారు. పగలు పని చేసి అలసిపోయి వచ్చేవాళ్లకు కూడా మంచి చదువు అందాలని ఒక ఊరు అనుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఆ స్కూలు చాలు.

1896లో ప్రింగిల్ గ్లాస్గోలో సాల్ట్‌మార్కెట్ అనే వీధిలో సొంత షాపు పెట్టుకున్నాడు. కళ్లజోళ్లతో పాటు సున్నితమైన పరికరాల మరమ్మతు కూడా చేసేవాడు. ఆరోగ్యం బాగోక 1923లో వదులుకునే వరకు, దాదాపు ఇరవై ఏడేళ్లు ఆ షాపే ఆయనకు అన్నం పెట్టింది. బొమ్మలు పెట్టలేదు. ఆ నాన్నగారి ప్రశ్నకు ప్రింగిల్ కూడా “పెట్టవు సార్” అనే చెప్పేవాడేమో. కానీ ఆ తర్వాత ఏం చెప్పేవాడన్నదే నాకు ముఖ్యం.

నీడ నల్లగా ఉంటుందా?

ఆయన బొమ్మల గురించి చెప్పాలంటే ఇంప్రెషనిజం గురించి కొంచెం చెప్పాలి. కష్టమైన మాటలా వినిపిస్తుంది గానీ విషయం తేలికే.

1874లో ప్యారిస్‌లో కొందరు చిత్రకారులు ప్రభుత్వ ప్రదర్శనను కాదని సొంతంగా ఒక ప్రదర్శన పెట్టుకున్నారు. అందులో క్లాడ్ మోనే వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అనే బొమ్మ ఉంది. పొగమంచులో రేవు, నారింజ రంగు సూర్యుడు. ఒక విమర్శకుడు ఆ పేరునే పట్టుకుని వాళ్లను ఇంప్రెషనిస్టులని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే నిలిచిపోయింది.

వాళ్లు చేసిందేమిటి? గదిలో కూర్చుని గుర్తున్నది వెయ్యకుండా బయటికి వెళ్లి కనిపించేది వేశారు. అంతకు ముందే రంగులు రేకు ట్యూబుల్లో రావడం మొదలైంది కాబట్టి పెట్టె సర్దుకుని పొలం గట్టుకో, నది ఒడ్డుకో వెళ్లడం సులువైంది. బయట చూస్తే వాళ్లకు తెలిసిందేమిటంటే, చెట్టు ఎప్పుడూ ఒకే ఆకుపచ్చగా ఉండదు. పొద్దున ఒక రంగు, మిట్టమధ్యాహ్నం ఒక రంగు. నీడ నల్లగా ఉండదు. అందులో నీలం ఉంటుంది, ఒక్కోసారి ఊదా ఉంటుంది, పక్క గోడ రంగు కూడా ఉంటుంది. అందుకే రంగులను ముందే కలిపి పులమకుండా, చిన్న చిన్న కుంచె దెబ్బలుగా పక్కపక్కన పెట్టారు. దగ్గరికెళ్తే మరకల్లా ఉంటాయి, నాలుగడుగులు వెనక్కి వస్తే మన కన్నే వాటిని కలుపుకుంటుంది.

ప్రింగిల్ బొమ్మలు మొదట్లో చాలా నిశితంగా, ఇటుక ఇటుకా లెక్కపెట్టినట్టు ఉంటాయి. రానురాను ఈ కొత్త పద్ధతి ఆయన చేతిలోకి వచ్చింది. 1904లో వేసిన ‘టూ ఫిగర్స్ ఎట్ ఎ ఫెన్స్’, 1906లో వేసిన ‘పౌల్ట్రీ యార్డ్, గార్ట్‌కాష్’ చూడండి. చిన్న చిన్న రంగు ముక్కలు పేర్చినట్టు ఉంటాయి. గార్ట్‌కాష్ అనేది గ్లాస్గో పక్కన ఒక పల్లె. కోళ్లు తిరిగే పెరడు, అంతే సంగతి. మన అమ్మమ్మ ఊళ్లో ఇంటి వెనక కనిపించేదే. ఆ కోళ్ల పెరడు ఇప్పుడు స్కాట్లాండ్ నేషనల్ గ్యాలరీల సేకరణలో ఉంది.

ప్యారిస్‌లో చదువుకునే డబ్బు, తీరిక ఆయనకు లేవు. అప్పట్లో గ్లాస్గోలో ‘గ్లాస్గో బాయ్స్’ అని పేరు పడిన యువ చిత్రకారుల బృందం ఉండేది. అందులో కూడా ఆయన లేడు. ఉన్న ఊళ్లో, దొరికిన వేళలో, కళ్ల ముందున్నది వేశాడు. ఇంటి వెనక సందు, ఆడుకునే ఆడపిల్లలు, ఊరి చివర వీధి.

కళ్లజోళ్ల పనికీ ఈ చూపుకూ సంబంధం ఉందా అని నన్ను అడిగితే, నేను గట్టిగా చెప్పలేను. కానీ రోజంతా ఎదుటివాళ్లకు సరిగ్గా కనిపించేలా చెయ్యడమే పని అయినవాడికి, కనిపించడం అంటే ఏమిటన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది? ఇది నా ఊహ మాత్రమే.

ఇదంతా గొప్పగా చెప్పేసి ఊరుకోను

ఇంతవరకు వింటే స్ఫూర్తి కథలా ఉంది. అలా మాత్రమే చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే.

1910లో ప్రింగిల్ ఫ్రాన్స్‌లోని నార్మండీ వెళ్లాడు. అక్కడ వెలుతురులో కొన్ని మంచి బొమ్మలు వేశాడు. తిరిగొచ్చాక, 1911 నుంచి దాదాపు పదేళ్లు ఆయిల్ పెయింటింగ్ ముట్టుకోలేదు. చేతిలో విద్య బాగా పండిన నలభయ్యో పడిలో, షాపు బాధ్యతల మధ్య, పదేళ్లు పోయాయి. 1921లో షెట్లాండ్ దీవుల్లోని వాల్సే అనే చిన్న దీవికి వెళ్లినప్పుడు మళ్లీ రంగులు పట్టాడు. 1922లో తాను సాయంత్రాలు చదువుకున్న గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనే ఆయన బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టారు. బతికుండగా ఆయన ఒక్కడి బొమ్మలతో జరిగింది అదొక్కటే. అప్పటికి ఆయనకు యాభై ఏడో యాభై ఎనిమిదో. 1924లో వేసిన ‘ది విండో’ ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీ సేకరణలో ఉంది. 1925లో ఆయన చనిపోయాడు.

కాబట్టి రెండు పడవల ప్రయాణం సుఖమని నేను చెప్పను. ఉద్యోగం చేస్తూ కళను బతికించుకోవడం కష్టం. కొన్నిసార్లు ఉద్యోగమే గెలుస్తుంది. ఆ ప్యారిస్ ఇంప్రెషనిస్టుల్లోనే ఆర్మాండ్ గియోమా అనే ఆయన ఉన్నాడు. మొదటి ప్రదర్శనలోనే పాల్గొన్నవాడు. బతుకుతెరువు కోసం రైల్వేలో, తర్వాత ప్యారిస్ రోడ్లు, వంతెనల శాఖలో పని చేశాడు. 1891లో లాటరీ తగిలాకే ఆ ఉద్యోగం నుంచి విముక్తి దొరికింది. ప్రింగిల్‌కు లాటరీ తగల్లేదు. మనలో చాలామందికి తగలదు.

అయినా ఆ పదేళ్ల ఖాళీ తర్వాత యాభై ఏడేళ్ల మనిషి ఒక దీవిలో కూర్చుని మళ్లీ కుంచె పట్టుకోగలిగాడంటే ఎందుకు? చిన్నప్పటి నుంచి ఆ చూపు ఆయన లోపల ఉంది కాబట్టి. మధ్యలో వాడకపోయినా పోలేదు. ఎప్పుడూ లేనిది యాభై ఏడేళ్లకు కొత్తగా రావడం చాలా కష్టం. నేను మీతో మాట్లాడాలనుకున్న విషయం ఇదే.

‘తర్వాత’ అనే మాట

మీరు ఇంట్లో అనే మాట నాకు తెలుసు. నేను క్లాసులో అనే మాట కూడా అదే. “ఇప్పుడు చదువుకో, బొమ్మలు తర్వాత వేసుకోవచ్చు.”

ఎప్పుడు తర్వాత? ఏడో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్. పదో తరగతి బోర్డు ఎగ్జామ్స్ అయ్యాక అంటాం. తర్వాత ఇంటర్, జేఈఈ, ఈఏపీసెట్, నీట్. తర్వాత బీటెక్. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్స్, లేకపోతే ఎంఎస్. తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఈఎంఐలు. ఈ లైనులో ‘తర్వాత’ అనే స్టేషన్ ఎక్కడుందో నాకు కనిపించలేదు. నా వయసు వాళ్లను, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లను, “నీకేమిష్టం?” అని అడిగి చూడండి. చాలామంది ఆలోచనలో పడతారు. ఉద్యోగం బాగుంటుంది, జీతం బాగుంటుంది, ఆదివారం మధ్యాహ్నం ఏం చెయ్యాలో తెలియదు. ఫోను పట్టుకుంటారు. నేనూ అంతే. ఎనిమిదో తరగతి దాకా పాడేదాన్ని. తర్వాత పాడొచ్చులే అన్నారు. ఇప్పుడు స్కూల్లో ప్రార్థనకు మైకు ముందు నిలబడమంటే గొంతు రాదు.

ప్రింగిల్ ‘తర్వాత’ అనుకోలేదు. ‘పక్కన’ అనుకున్నాడు. పని పక్కన బొమ్మ. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ‘తర్వాత’ అంటే ఒకటి ముగిశాక ఇంకొకటి. జీవితంలో చదువు, పని ఎప్పుడూ ముగియవు కాబట్టి రెండోది ఎప్పటికీ మొదలవదు. ‘పక్కన’ అంటే వారానికి ఒక గంటైనా సరే, ఇప్పుడే.

మీ అబ్బాయిని చిత్రకారుణ్ణి చెయ్యండి అని నేను అడగడం లేదు. జేఈఈ వద్దనడం లేదు. లెన్సులు అమ్ముకునే చదువు చదివించండి, తప్పక చదివించండి. ఆ చదువు పక్కన ఆ చివరి పేజీలు ఉండనివ్వండి. అంతే అడుగుతున్నాను.

ఇక్కడ కొందరు టీచర్లు, “బొమ్మలేస్తే ఏకాగ్రత పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయి” అని చెబుతారు. మిమ్మల్ని ఒప్పించడానికి నాకూ ఆ మాట చెప్పాలనిపించింది. కానీ చెప్పను. ఎందుకంటే మార్కులు పెరిగితేనే ఉంచాలి అనే లెక్క పెట్టుకుంటే, మార్కులు పెరగని మొదటి నెలే ఆ డ్రాయింగు పుస్తకం అటక మీదికి వెళ్తుంది. మా అబ్బాయి విషయమే చూడండి. ‘మజ్లిన్ స్ట్రీట్’ బొమ్మ క్లాసులో చూపించిన రోజు, ఎప్పుడూ నోరు విప్పని వాడు చెయ్యెత్తి, తప్పుల ఇంగ్లిష్‌లోనే, ఆ వీధిలో వెలుగు ఎటువైపు నుంచి వస్తోందో, ఏ ఇంటి మీద పడుతోందో, వేసినాయన ఎక్కడ నిలబడి చూసి ఉంటాడో చెప్పాడు. క్లాసు మొత్తం తిరిగి చూసింది. తర్వాతి వారం స్లిప్ టెస్టులో ఎప్పటిలాగే 25కు 11 వచ్చాయి. ఆ 11ని మార్చడం నా పని. నేను చేస్తాను. ఆ చూపు మాత్రం నేను నేర్పింది కాదు, నేర్పగలిగింది కాదు. దాన్ని పాడు చెయ్యకుండా ఉండటం ఒక్కటే నేను చెయ్యగలిగింది. అది కూడా చెయ్యలేదు.

మా వైపు తప్పు

మిమ్మల్ని అడిగేముందు మా సంగతి కూడా చెప్పాలి. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక డ్రాయింగ్ పీరియడ్ ఉంది. పరీక్షలు దగ్గర పడగానే లెక్కల సారో, సైన్స్ మేడమో, నేనో వెళ్లి, “సార్, ఈ ఒక్క పీరియడ్ మాకివ్వండి, పోర్షన్ మిగిలిపోయింది,” అని అడుగుతాం. డ్రాయింగ్ సార్ మొహమాటానికి ఇచ్చేస్తారు. ఆయన ఎప్పుడైనా లెక్కల పీరియడ్ అడగడం చూశామా? నా వరకు నేను పోయిన టర్మ్‌లో నాలుగుసార్లు ఆ పీరియడ్ తీసుకున్నాను. పిల్లలు డ్రాయింగ్ పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంటే, “తియ్యండి, గ్రామర్ బుక్స్ తియ్యండి,” అన్నాను. ఇక మీదట తీసుకోను. ఇది మీ ముందు రాతపూర్వకంగా ఇస్తున్న మాట. తీసుకుంటే మీ పిల్లలే మీకు చెబుతారు, నన్ను అడగండి.

మీరు ఏం చెయ్యొచ్చంటే

ఖర్చు పెట్టమని అడగడం లేదు. ఇంకో కోచింగ్‌లో చేర్పించొద్దు. ఆర్ట్ క్లాసులో చేర్పించి, గ్రేడ్ ఎగ్జామ్ కట్టించి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించడం మొదలుపెడితే అది కూడా ఇంకో సబ్జెక్టు అయిపోతుంది.

ఒక తెల్ల కాగితాల పుస్తకం కొనివ్వండి. అది వాళ్లదే. మార్కులు, సంతకాలు, రిమార్కులు లేని పుస్తకం పిల్లలకు ఒక్కటైనా ఉండాలి. అది ఉంటే లెక్కల నోటు చివరి పేజీలు వాటంతటవే ఖాళీగా మిగులుతాయి, నా డైరీ రిమార్కులు కూడా తగ్గుతాయి.

ఆదివారం సాయంత్రం అరగంట ఇవ్వండి. నాలుగున్నరకు ఇంటి మేడ మీదికి తీసుకెళ్లండి. ఏదో ఒక నీడ చూపించండి, వేపచెట్టుదైనా, ఆరేసిన చీరదైనా. “ఇది ఏ రంగు?” అని అడగండి. మొదట ‘బ్లాక్’ అంటారు. ఇంకాస్త చూడమనండి. ఐదు నిమిషాల తర్వాత వేరే జవాబు వస్తుంది. పొద్దు వాలుతుంటే మళ్లీ చూపించండి, ఇంకో జవాబు వస్తుంది. 1874లో ప్యారిస్‌లో గొడవ జరిగింది ఈ జవాబు గురించే. మీరు కూడా వాళ్లతో పాటు చూడండి. మీకు మంచిదే.

వేసిన బొమ్మ చూపించినప్పుడు “ఇదేంటి, కుక్కా, పిల్లా?” అని నవ్వకండి. “ఎక్కడ కూర్చుని వేశావు?” అని అడగండి. వాళ్లే మిగతాది చెబుతారు. అమ్మమ్మలకు, బాబాయిలకు వాట్సాప్‌లో పంపేముందు వాళ్లను అడగండి. కొన్ని బొమ్మలు ఎవరికీ చూపించడానికి కావు.

మీ అమ్మాయికి బొమ్మలు కాకుండా పాట ఇష్టం కావచ్చు, మొక్కలు కావచ్చు, పాత రేడియో విప్పి మళ్లీ బిగించడం కావచ్చు. ఏదైనా సరే. అది వాళ్ల చివరి పేజీ.

పరీక్షల నెలలో ఏం చెయ్యాలి అంటే, తగ్గించండి. ప్రింగిల్ కూడా తగ్గించాడు. కానీ చింపకండి. తగ్గించినదాన్ని మళ్లీ పెంచుకోవచ్చు. చింపినదాన్ని అతికించలేం.

చివరిగా ఆ నాన్నగారికి

సార్, ఈ నెల పత్రిక మీ ఇంటికీ వస్తుంది. ఆ రోజు మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. బొమ్మలు అన్నం పెట్టకపోవచ్చు. అన్నం మీరు పెడుతున్నారు, రేపు మీవాడు సంపాదించుకుంటాడు. అన్నం తిన్న తర్వాత మనిషికి ఇంకొకటి కావాలి. గ్లాస్గోలో ఒక కళ్లజోళ్ల షాపాయనకు అది దొరికింది, ఆయన పోయి వందేళ్లయినా ఆ కోళ్ల పెరడు మీద వెలుగు ఇంకా పడుతోంది. మీవాడు ప్రింగిల్ అవుతాడని నేను చెప్పడం లేదు. వాడు ఏమవుతాడో నాకు తెలియదు. ట్యాంకు నీడ మారడం మాత్రం మా క్లాసు నలభై మందిలో వాడొక్కడే గమనించాడు.

మొన్న సోమవారం ఇంటర్వెల్‌లో వాణ్ణి పిలిచి, డైరీలో అలా రాసినందుకు సారీ చెప్పాను. టీచర్ సారీ చెబితే ఏం చెయ్యాలో తెలియక వాడు కాసేపు నిలబడి, “పర్లేదు మేడమ్” అన్నాడు. ఒక తెల్ల కాగితాల పుస్తకం ఇచ్చాను. నా క్లాసు జరుగుతున్నప్పుడు తియ్యొద్దని కూడా చెప్పాను. తలూపాడు. ఇప్పటిదాకా తీశాడో లేదో తెలియదు, నేను అడగలేదు.

వచ్చే మీటింగ్‌కు మీరందరూ ప్రోగ్రెస్ రిపోర్టుతో పాటు, పిల్లలు ఒప్పుకుంటే, వాళ్ల చివరి పేజీ కూడా ఒకటి పట్టుకురండి. మార్కుల గురించి మాట్లాడుకున్నాక ఐదు నిమిషాలు అవి చూద్దాం.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్